సంగమంలో పడవెక్కాం... జాకెట్టు ఏదీ?

పోయిన చలికాలంలో మేం కాశీ యాత్రకి వెళ్ళొచ్చాం. ప్రసాదాలూ, గంగ చెంబులూ ఊరంతా పంచేశాను. మీకు పంచవలసిన కబురొకటి మిగిలిపోయింది.

విదేశాల్లో ఇల్లు లాంటి బండి తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతారట. మనకి అంత భోగం లేకపోయినా వంటవాళ్ళతో సహా బయలుదేరే టూరిస్టు బస్సు ఉందిగా! గాజువాకలో తెల్లవారుజామున ఎక్కాం. డిక్కీలో గ్యాసు పొయ్యి, గుండిగలు, బియ్యం బస్తాలు. నా సంచీలో కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి, అత్తయ్యగారికి మెత్తగా దంచిన అటుకులు. సాలూరు ఘాటీ ఎక్కి, రాయపూర్ మీదుగా ముందు ప్రయాగ, తర్వాత కాశీ, ఆపైన గయ. ఎక్కడ చెట్టునీడ దొరికితే అక్కడే ఉప్మా, పులిహోర. నలభై మందిమి మూడో రోజుకే ఒక్క ఇంటివాళ్ళమైపోయాం.

ప్రయాగ వెళ్ళిన ఆడవాళ్ళకి వేణీదానం సంగతి తెలిసే ఉంటుంది. భర్త భార్యకి తల దువ్వి, జడ అల్లి, పసుపు కుంకుమలూ పువ్వులూ పెట్టి, ఆ జడ కొస కాస్త కత్తిరించి త్రివేణిలో వదలాలి. మావారికి స్టీలు ప్లాంటులో యంత్రాలు విప్పి బిగించడం వచ్చుగానీ జడ వెయ్యడం రాదు. మూడు పాయలూ రెండై, రెండూ ఒక్కటై, చివరికి తాడు పేనినట్టు పేనేశారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నా తల ముట్టుకుని జడ వెయ్యడం అదే మొదలు. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

ఇక సంగమానికి వెళ్ళాలంటే కోట దగ్గర యమున ఒడ్డున పడవ ఎక్కాలి. 1583లో అక్బరు కట్టించడం మొదలుపెట్టిన కోట అది. యమున నీళ్ళు పచ్చగా, గంగ నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి. రెండూ కలిసే గీత కంటికి కనబడుతుంది. చలికాలం కదా, దూరదేశాల నుంచి వచ్చిన తెల్లని పక్షులు పడవల చుట్టూ మూగుతాయి.

పడవకి పది మందని మాట్లాడుకున్నాం. ఎక్కేసరికి పద్నాలుగు మంది అయ్యారు. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, కానీ బల్లమీద మెత్తగా ఉంటుందని పరిచి వాటిమీదే కూర్చోబెట్టారు! అందరూ కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను. నోరు తెరవాలనే ఉంది. కానీ "వైజాగు ఆడదానివి, సముద్రం పక్కనుండి నీళ్ళంటే భయమా?" అంటారేమోనని మొహమాటం.

తాడు విప్పుతుంటే నాకు కచ్చులూరు గుర్తొచ్చింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న పడవ గోదావరిలో మునిగిపోయింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే సగం మంది కూడా బతికి రాలేదు. మన విశాఖ వాళ్ళూ ఉన్నారు అందులో. జాకెట్లు ఒంటిమీద లేనివాళ్ళు చాలామందని ఆనాడు పేపర్లలో చదివి ఎంత ఏడ్చామో! వాళ్ళలోనూ నాలాగే అడుగుదామనుకుని ఊరుకున్న ఆడకూతురు ఉండే ఉంటుంది కదా అనిపించింది.

"బాబూ, ఆపు. నలుగురు దిగాలి. జాకెట్లు అందరికీ కట్టాలి" అన్నాను, వచ్చీరాని హిందీలో. యాత్ర తీసుకెళ్ళినాయన విసుక్కున్నాడు. "అమ్మా, ఆలస్యమైపోతోంది." మా ఆడపడుచు "వదినకి ప్రాణం మీద తీపి ఎక్కువ" అని నవ్వింది. అత్తయ్యగారయితే "నాకు జాకెట్టు ఉందిగా, మళ్ళీ ఇదెందుకే?" అన్నారు. పడవంతా గొల్లుమంది. మావారు మాత్రం ఏమీ అనకుండా ముందు తనే తొడుక్కుని, అత్తయ్యగారికి పట్టీలు బిగించారు. ఇంకో పడవ వచ్చింది, నలుగురూ అందులోకి మారారు. పట్టుమని పది నిమిషాలు పట్టింది, అంతే.

సంగమంలో స్నానం బాగా జరిగింది. ఏ ప్రమాదమూ జరగలేదు. బస్సులో రెండు రోజులు నన్ను "జాకెట్టమ్మగారూ" అని ఏడిపించారు. కాశీలో తెల్లవారకుండానే కేదారఘాటు దగ్గర పడవ ఎక్కబోతుంటే వెనకనుంచి ఒక గొంతు, "జాకెట్టు ఏదయ్యా?" అని. చూద్దునుగదా, మా ఆడపడుచు!

అందుకే చెబుతున్నాను. కాశీ వెళ్ళినా, పాపికొండలు వెళ్ళినా, మన రుషికొండ దగ్గరే పడవ ఎక్కినా ఇవి మరిచిపోకండి.

ఎంతమందిని ఎక్కిస్తారో ఎక్కకముందే అడగండి. ఎక్కువనిపిస్తే దిగిపోండి. డబ్బు పోతే పోయింది.

జాకెట్టు ఒంటికి బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే నీళ్ళలో పైకి లేచి మొహానికి అడ్డం పడుతుంది. పిల్లలకి చిన్న సైజు విడిగా అడగండి. ఒడ్డు చేరేదాకా విప్పొద్దు, ఉక్కబోసినా సరే.

పైట నడుముకి దోపి, దానిపైన జాకెట్టు కట్టుకోండి. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటుంది, కనుక పడవ రోజు పంజాబీ డ్రస్సు వేసుకుంటే మరీ మంచిది.

ఫోటోల కోసం అందరూ ఒక్క పక్కకి లేవకండి.

ఇంట్లో పాలు పొంగుతుంటే ఎవరి అనుమతీ అడగకుండా పొయ్యి కట్టేస్తాం కదా! పడవలోనూ అంతే. మీరు అడిగితే పక్కనున్న పదిమందికీ ధైర్యం వస్తుంది. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి.

అన్నట్టు, నా జడ కొస గంగలో మునిగిందా తేలిందా అని అడుగుతారేమో. మునిగింది. మావారు అల్లిన జడ మాత్రం కాశీ దాకా విప్పలేదు నేను.

ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం.