తలనొప్పికి గోలీ ఉంది, ఇంటి నొప్పికో?

సోమాజిగూడ అంటే రాజ్‌భవన్, కార్పొరేట్ ఆసుపత్రులు, నగల దుకాణాలు గుర్తొస్తాయి. ఆ రాజ్‌భవన్ పక్కనే ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉందని చాలామందికి తెలియదు. ఇలాంటి బస్తీల నుంచే ఆడవాళ్లు పొద్దున్నే అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమడానికి బయలుదేరతారు. ఒంట్లో బాగాలేకపోతే ఇదివరకు కూలి పోగొట్టుకుని పెద్దాసుపత్రికి పోవాల్సి వచ్చేది. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఆ తిప్పలు కొంత తప్పించాయి. మంచి పనే, కాదనను.

అయితే మిత్రులారా, అలాంటి చోటికి మనవాళ్లు ఏ బాధలు చెప్పుకుంటూ వస్తారు? తలనొప్పి, గుండె దడ, నిద్ర పట్టదు, ఒళ్లంతా మంటలు. కొందరికి అది నిజంగా రక్తహీనతో, బీపీయో కావచ్చు. కొందరికి మాత్రం రోగం ఇంట్లో ఉంటుంది. తాగొచ్చి కొట్టే భర్త, మాట్లాడని కొడుకు, గుమ్మంలో నిలబడే ఫైనాన్సు వాడు. ఓపీ చీటీలో "మనసు బాగాలేదు" అని రాయించుకునే అలవాటు మనకు లేదు. ఆ మాట అంటే ఎర్రగడ్డకు పంపుతారని భయం.

మా అమ్మ మా ఊరి వైపు ఒక దవాఖానాలో రెండేళ్లు తలనొప్పి గోలీలు తెచ్చుకుంది. నాన్నతో మాటలు ఆగిపోయిందీ ఆ రెండేళ్లే. ఈ రెండు లెక్కలూ నేను పీజీకి వచ్చాక గానీ కలుపుకోలేదు. డాక్టరునే తప్పుపట్టలేను, బయట క్యూ అంత పొడవు. నేనూ అడగలేదు కదా.

గోవాలో డిగ్రీ చదివిన స్థానిక మహిళలకు రెండు నెలలు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. దిగులు, ఆందోళనతో వచ్చినవాళ్ల మాట వినడం, ధైర్యం చెప్పడం, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపడం వాళ్ల పని. ఆ ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సర్కారు కేంద్రాల్లో ఆరు నెలలకు నూటికి సుమారు 66 మంది కోలుకున్నారు. ఆ ఏర్పాటు లేని కేంద్రాల్లో 42 మందే.

మన బస్తీల్లో డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న అక్కాచెల్లెళ్లు తక్కువా? దవాఖానాకు ఒకరిని సరైన జీతంతో పెట్టాలి. ఆశా కార్యకర్త నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టి ఇదే కౌన్సెలింగ్ అంటే కుదరదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 18 ఈ వైద్యాన్ని హక్కుగానే రాసింది. 2022లో వచ్చిన టెలి మానస్ నంబరు 14416 కూడా ఉంది. కానీ ఇంటికి ఒకటే గది, ఒకటే ఫోను, అదీ భర్త జేబులో. ఆమె ఏ మూల నిలబడి మాట్లాడుతుంది?

వింటే తాగుడు మానదు, అప్పు తీరదు, నాకూ తెలుసు. దెబ్బలు తినే మనిషికి 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి ఉన్నారని ఎవరో ఒకరు చెప్పాలి. అంతకన్నా ముందు తలుపు దగ్గరికి వేసి, "ఇంట్లో అంతా బాగుందా అమ్మా?" అని అడగాలి. మొన్న సెలవుల్లో మా అమ్మను అడిగాను. పొయ్యి మీద అన్నం మాడేదాకా చెప్తూనే ఉంది.