సంతకం కాదు, పరీక్ష కావాలి

పామర్రులో పిల్లాడు కబడ్డీ జట్టుకు ఎంపికయ్యాడంటే ఇల్లంతా ఖుషీ. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగితే మాత్రం చాలా ఇళ్లలో అదొక కాగితం పని. డాక్టర్ సంతకం దొరికితే చాలనుకుంటారు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టకుండా చేసిన సంతకం పిల్లాడిని కాపాడదు.

నైజీరియా ఫుట్‌బాలర్ న్వాంకో కాను 1996లో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. అదే ఏడాది ఇటలీలోని ఇంటర్ మిలాన్ క్లబ్‌లో చేరితే, వైద్య పరీక్షలో గుండె కవాటం లోపం బయటపడింది. ఆపరేషన్ తర్వాత మళ్లీ మైదానంలోకి వచ్చి ఆర్సెనల్‌కు ఆడాడు. పోటీల్లో ఆడేవారికి ఈసీజీతో సహా పరీక్షను ఇటలీ 1982లోనే తప్పనిసరి చేసింది.

ఈసీజీ అన్నిచోట్లా కుదరకపోవచ్చు. బీపీ చూడటం, గుండె చప్పుడు వినడం, నాలుగు ప్రశ్నలు అడగడం ఎక్కడైనా కుదురుతుంది. పరుగెత్తేటప్పుడు కళ్లు తిరిగి పడిపోయాడా? ఛాతీలో నొప్పి వచ్చిందా? తోటివాళ్లకంటే త్వరగా ఆయాసం వస్తోందా? కుటుంబంలో 50 ఏళ్లలోపే ఎవరైనా గుండె ఆగి చనిపోయారా? చివరి ప్రశ్నకు జవాబు పిల్లాడికి తెలియదు. నానీకో, దాదీకో తెలుస్తుంది. అందుకే డాక్టర్ దగ్గరికి పెద్దవాళ్లూ వెళ్లాలి.

2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే కింద ప్రభుత్వ బడి పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచితంగా ఆరోగ్య పరీక్షలున్నాయి. ప్రైవేట్ స్కూలు పిల్లల బాధ్యత తల్లిదండ్రులదే. ఆడపిల్లలకు లేడీ డాక్టర్‌ను అడగొచ్చు. పరీక్ష పేరుతో వాళ్ల ఆట మాన్పించొద్దు. లోపం ముందే తెలిస్తే వైద్యం చేయించి ఆడించే దారి చాలాసార్లు ఉంటుంది.