ప్యాడ్లు మారిస్తే చాలదు, క్యాలిపర్ కడగాలి

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

పోయిన వానాకాలం మా హాస్టల్ వాళ్లం రెండు బండ్ల మీద పాడేరు ఘాట్ దిగుతున్నాం. ఒక బండికి ముందు బ్రేక్ ప్యాడ్లు అప్పుడే కొత్తవి వేయించాం. సగం దిగేసరికి కాలిన వాసన. బ్రేకు వదిలినా చక్రం పట్టేసి ఉంది. విప్పి చూస్తే క్యాలిపర్ నిండా ఎర్రమట్టి, పాత ప్యాడ్ల పొడి గట్టిపడిపోయి ఉన్నాయి. తప్పు మెకానిక్ ఒక్కడిదే కాదు, "తొందరగా కానీ అన్నా" అన్నది మేమే.

ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది. బయటికొచ్చిన భాగానికే మట్టి పడుతుంది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను లోపలికి నొక్కాలి. కడగకుండా నొక్కితే మట్టి రబ్బరు సీలు దాకా పోతుంది. బ్రేకు వదిలాక పిస్టన్‌ను కొంచెం వెనక్కి లాగేది ఆ సీలే. అది పాడైతే పిస్టన్ పట్టేస్తుంది, లేదా బ్రేక్ ఆయిల్ కారుతుంది.

అందుకే ముందు కడగడం, తర్వాతే నొక్కడం. సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. పొడిని నోటితో ఊదొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు వద్దు, సీలు రబ్బరు ఉబ్బిపోతుంది. క్యాలిపర్ జరిగే పిన్నులు తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. ప్యాడ్లకి, డిస్క్‌కి మాత్రం గ్రీజు అంటకూడదు. అంతా బిగించాక లివర్ గట్టిపడేదాకా నొక్కి, అప్పుడే బండి కదిలించాలి. లేకపోతే మొదటిసారి బ్రేకు పడదు. కొత్త ప్యాడ్లతో వెంటనే ఘాట్ దిగొద్దు, ముందు చదును రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూసుకోవాలి.

ఇదంతా మెకానిక్ చూసుకుంటాడులే, చదువుకునేవాళ్లకి ఎందుకు అని కొందరు అంటారు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా నాన్నలు నాగలికి అంటిన మట్టి కడగకుండా ఇంటికి తేరు. మనం చేతికి మసి అంటితే నామోషీ అనుకుంటున్నాం. మన ఊళ్లలో జ్వరమొచ్చిన బిడ్డనైనా, నొప్పులొచ్చిన అక్కనైనా రోడ్డు దాకా తెచ్చేది ఈ బండ్లే. ఆ బ్రేకు మన ఒక్కరిది కాదు.

చేతకాకపోతే సొంతంగా విప్పొద్దు. షెడ్డులో పక్కనే నిలబడి "అన్నా, కడిగాకే పిస్టన్ నొక్కు" అని అడగండి. ఇంకో పది నిమిషాలు పడుతుంది, ఆగుదాం.

జై ఆదివాసీ.