ఉబ్బు చేపకు అన్నం పెట్టకండి



మన సైన్సు గదిలో గాజు తొట్టి ఉంది కదా. జూలైలో సైన్సు మేడం గారు పట్నం నుంచి 4 చిన్న చేపలు తెచ్చి అందులో వేశారు. ఇప్పుడు 2 మాత్రమే ఉన్నాయి. మిగతా రెండు ఎలా చనిపోయాయో అందరికీ తెలుసు, గాని ఎవ్వరూ చెప్పడం లేదు. నేను చెబుతున్నాను. మనమే చంపాం. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి తలా నాలుగు మెతుకులు వేశాం. నేనూ వేశాను.

అవి ఆ మెతుకులు ముట్టలేదు. అన్నం అడుగున కుళ్ళిపోయి నీళ్ళు వాసన వచ్చాయి. కుళ్ళిన తిండి నుంచి అమ్మోనియా పుడుతుందని, అది చేపలకు విషమని మేడం చెప్పారు.

ఈ చేప పేరు మరుగుజ్జు పఫర్. మనం ఉబ్బు చేప అంటున్నాం. ఇది కేరళ, దక్షిణ కర్ణాటక నదుల చేప. పంబ నదిలో ఉంటుంది. ఎంత పెరిగినా సుమారు 3 సెంటీమీటర్లే. రెండు కళ్ళూ వేరువేరుగా తిప్పుతుంది. భయం వేస్తే నీళ్ళు మింగి బంతిలాగ ఉబ్బుతుంది. అది ఉబ్బితే చూడాలని కొందరు గాజు మీద కొడుతున్నారు. మనకది ఆట, దానికి ప్రాణభయం.

అది మాంసాహారి. చిన్న నత్తలు, నీటి పురుగులు, దోమ లార్వాలు తింటుంది. దాని పళ్ళు చిలక ముక్కులాగ ఉండి పెరుగుతూనే ఉంటాయి. గట్టి నత్త పెంకు కొరికితే అరుగుతాయి. అలాంటి దానికి మెతుకులు వేసి "ఎందుకు తినదే?" అంటే ఏటి లాభం?

"మనం చేపల కూర తింటాం కదా, రెండు చేపల కోసం ఇంత గొడవేటే?" అని కొందరు నవ్వారు. నిజమే. మా నాన్న గెడ్డలో చేపలు పడతాడు, మేమూ తింటాం. గాని గెడ్డలో చేప తన తిండి తనే వెతుక్కుంటుంది. తొట్టిలో చేప ఎక్కడికి పోతుంది? దాన్ని తెచ్చి పెట్టుకున్నాం గనుక దాని తిండి మన పూచీ. "అయితే గెడ్డలో వదిలేద్దాం" అంటున్నారు. అదీ తప్పే. అది మన గెడ్డ చేప కాదు. వేరే చోటి చేపను వదిలితే ఇక్కడి చేపలకూ చేటు రావచ్చు.

నేను 3వ తరగతిలో ఇక్కడికి వచ్చాను. మా ఇంట్లో సవర మాటే, నాకు తెలుగు రాదు. ఇంట్లో చోడి అంబలి తాగేదాన్ని. ఇక్కడ సాంబారు అన్నం పెడితే రెండు రోజులు తినలేదు. అందరూ "తిను తిను" అన్నారు. వంట చేసే ఆయమ్మ మాత్రం "ఇంటికాడ ఏటి తింటావమ్మా?" అని చేత్తో సైగ చేసి అడిగింది. మర్నాడు తన ఇంటి నుంచి గ్లాసుడు అంబలి తెచ్చింది. తర్వాత మెల్లగా అన్నం కూడా అలవాటైంది. నేను పారిపోకుండా ఉన్నానంటే ఆ గ్లాసుడు అంబలి వల్లనే. చేపకు సైగ కూడా రాదు. మనమే తెలుసుకోవాలి. ముద్దు చేయడం వేరు, సాకడం వేరు.

అందుచేత నేను చెప్పేది ఇది:

1. అన్నం, బిస్కట్లు, మిక్చరు ఎవ్వరూ వేయరాదు. గాజు మీద కొట్టరాదు.

2. కుళాయి దగ్గర నాచులో చిన్న నత్తలు ఉన్నాయి. రోజూ కొన్ని ఏరి వేయాలి. పాత బకెట్లలో దోమ లార్వాలను గుడ్డతో వడకట్టి వేయాలి. చేపలకు తిండి దొరుకుతుంది, మనకు దోమలు తగ్గుతాయి. మిగిలిన తిండి ఆరోజే తీసేయాలి.

3. వారానికి ఒకసారి మూడో వంతు నీళ్ళు మార్చాలి. మన ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు వేస్తారు. ఆ నీళ్ళు ముందురోజే బకెట్లో పట్టి, మూత లేకుండా ఉంచి పోయాలి. తొట్టిలో నీటి మొక్కలు వేస్తే అవి దాక్కుంటాయి.

4. వారానికి ఇద్దరు చొప్పున వంతు రాసి తలుపు మీద అంటించాలి. మొదటి వారం నా పేరు రాయండి.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. దసరా సెలవులకు మేమంతా ఊళ్ళకు పోతాం. అప్పుడు వాటిని ఎవరు చూస్తారు? వాచ్‌మన్ తాతకు తాళం చెవి ఇస్తే చాలు. నత్తలు డబ్బాలో ఏరి పెట్టి, ఎన్ని వేయాలో తాతకు చెప్పి వెళతాం.

ఇంకో మాట. చనిపోయిన వాటికి బదులు కొత్తవి కొందామని చందాలు అడుగుతున్నారు. నేను ఇవ్వను. అమ్మకానికి వచ్చే ఈ చేపలను చాలావరకు కేరళ నదుల్లోనే పడతారు. వీటిని ముప్పు ఉన్న జాతుల పట్టికలో చేర్చారు. ముందు ఈ రెండింటినీ బతికిద్దాం.

ఇది నా అభిప్రాయం. తప్పులుంటే దిద్దండి. కోపం వస్తే నన్నే తిట్టండి, గాజు మీద మాత్రం కొట్టకండి.

– 9వ తరగతి విద్యార్థిని