ఆకు గుణం చెప్పిన ఊరికి వాటా ఏది?



మన వాకిట్ల పూసే బిళ్ళగన్నేరు అందరికీ తెలుసు. షుగరు తగ్గుతదని దాని ఆకు నమిలేటోళ్లు మన ఊళ్లల్లనూ ఉన్నరు. దాని పుట్టిల్లు మడగాస్కర్. జమైకాలో కూడా జనం షుగరుకే దాని కషాయం తాగేది. 1952లో అక్కడి నుంచి కొన్ని ఆకులు కెనడాకు చేరినయి. పరీక్షిస్తే ఎలుకలకు షుగరు తగ్గలేదు, తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయినయి. ఆ మొక్క నుంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చినయి. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ వాడుతున్నరు. లాభం కంపెనీలకు పోయింది. ఆకు గుణం చెప్పిన ఊళ్లకు వాటా రాలేదు.

ఇప్పుడు పరిశోధకుల చూపు క్యాన్సర్ పాకుడు మీద ఉన్నది. ప్రాణం తీసేది చాలాసార్లు మొదట పుట్టిన గడ్డ కాదు. దాని నుంచి విడిపోయి, రక్తంలో పడి, ఊపిరితిత్తులల్ల, కాలేయంల, ఎముకలల్ల ఇల్లు కట్టుకునే కణాలు. పసుపులోని కర్‌క్యుమిన్, నేలవేములోని ఆండ్రోగ్రఫోలైడ్, అశ్వగంధలోని విథఫెరిన్-ఎ ఆ కణాల కదలికను తగ్గించినట్టు ప్రయోగశాలల్లో కనబడ్డది. కానీ గాజుపాత్ర వేరు, మనిషి ఒళ్లు వేరు. కర్‌క్యుమిన్ మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఈ మూడింట్లో ఏదీ ఇంకా క్యాన్సర్ మందుగా ఆమోదం పొందలేదు.

అందుకే మొదటి మాట: రొమ్ముల గడ్డ తగిలినా, నోట్లె పుండు మానకపోయినా పసరు కట్టుకొని నెలలు గడపొద్దు. బిళ్ళగన్నేరు ఆకు నమిలితే క్యాన్సర్ పోదు, పైగా అది విషం. అందులోని మందును విడదీసి, మిల్లీగ్రాముల లెక్కన నరానికి ఎక్కిస్తరు. ఆదిలాబాద్ రిమ్స్‌కో, కరీంనగర్ పెద్ద దవాఖానకో పోయి పరీక్ష చేయించుకోవాలె. హైదరాబాద్‌ల ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది, ఆరోగ్యశ్రీ ఉన్నది. ఇట్ల చెప్పుడు మన పసరు వైద్యులను చిన్నచూపు చూసుడు కాదు. "ఇది నా చేతిల లేదు, దవాఖానకు పో" అని వాళ్ల నోటితో చెప్పిస్తే ఊరు వింటది.

రెండో మాట హక్కుది. పసుపు గాయం మాన్పుతదని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చిండ్రు. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందల పెట్టి కొట్లాడితే 1997లో అది రద్దయింది. మరి గోండి, కొలామి నోటిమాటల్లో ఉన్న తెలివికి ఏ గ్రంథం చూపిస్తం?

అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(1)(కె) ఆ తెలివి మీద మనకు సామూహిక హక్కు ఇచ్చింది. జీవవైవిధ్య చట్టం 2002 ఊరూరా కమిటీ, రిజిస్టరు ఉండాలన్నది. పాలమూరు దిక్కు అమరచింత నుంచి వేపాకు జపాన్‌కు పోతే, కంపెనీ కట్టిన రాయల్టీల ఆ ఊరి కమిటీకి భాగం వచ్చింది. అంటే అడిగితే వస్తది. కానీ 2023 సవరణ, గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానం వాడుకునేటోళ్లకు వాటా ఇచ్చే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. దారి ఇరుకైతున్నది.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చే గ్రామసభల రెండు ప్రశ్నలు అడగాలె: మన ఊరి జీవవైవిధ్య రిజిస్టరు ఉన్నదా? ఉంటే ఎవరి బీరువాల ఉన్నది? లేకపోతే పెద్దల పక్కన కూసొని మనమే రాయాలె. గ్రామసభ తీర్మానం లేకుండా ఆ కాగితం ఊరు దాటొద్దు.