నక్షత్రాలకు కులం లేదు, స్కాలర్‌షిప్ ఫారానికి ఉంది

"ఫిజిక్స్‌లో, ఆస్ట్రానమీలో అవకాశాలకు కొదవ లేదు. మీ పిల్లలే రావడం లేదు." ఈ మాట చాలా సెమినార్లలో విన్నాను. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. తెర మీద ఒక జాబితా చూపిస్తారు. ఎమ్మెస్సీకి జామ్, సీయూఈటీ పీజీ. పీహెచ్‌డీకి జెస్ట్, సీఎస్ఐఆర్ నెట్, టీఐఎఫ్ఆర్ పరీక్ష, పుణెలో ఐయూకా, ఎన్‌సీఆర్ఏ కలిసి పెట్టే పరీక్ష. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. ఎస్సీ పరిశోధక విద్యార్థులకు ఏటా 2,000 నేషనల్ ఫెలోషిప్‌లు. విదేశాలకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్.

జాబితాలో అబద్ధం లేదు. కానీ దాన్ని చదివే పిల్ల ఎక్కడ నిలబడి చదువుతోందో చెప్పకపోతే అది సగం నిజమే. మిగతా సగం నేను చెబుతాను. నేను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన తెలుగు మాలవాణ్ణి. ఫిజిక్స్ చదివాను, ఫిజిక్స్ చెప్పుకుని బతుకుతున్నాను.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగ్‌పూర్, బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్, వాల్తేరు కాలక్రమంలో ఒకే కంపెనీ పట్టాల మీదికి వచ్చాయి. ఆ పట్టాల వెంబడే ఉత్తరాంధ్ర మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి మనవాళ్లు వచ్చారు. గ్యాంగ్‌మన్లు, ఖలాసీలు, సఫాయీ పనివాళ్లు అయ్యారు. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం. బుధవారీ బజార్‌లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్లో హిందీ, ఎమ్మెస్సీకి వచ్చేసరికి ఇంగ్లీషు. నాలుగు భాషలు దాటి క్వాంటం మెకానిక్స్ దగ్గరికి వస్తే, అక్కడ ఐదో భాష ఎదురవుతుంది. అది తహసీల్ ఆఫీసు భాష.

మాల, మాదిగ పేర్లు ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో లేవు. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం జాబితా రాష్ట్రానికి ఒకటి. విజయనగరంలో అంటరానివాడు బిలాస్‌పూర్‌లో దిగగానే కాగితం మీద జనరల్ అవుతాడు. కాగితం మీద మాత్రమే. రైల్వే క్వార్టర్స్‌లో ఎవరింట్లో ఎవరు మంచినీళ్లు తాగరో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. రైలెక్కితే అంటరానితనం దిగిపోదు, అదీ మనతోపాటే టికెట్ కొంటుంది.

ఈ విషయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాడూ తెలుగువాడే. 1990 నాటి మర్రి చంద్రశేఖరరావు కేసు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్న కుటుంబం. తండ్రి ఆ కోటాలోనే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం వచ్చి బొంబాయి వెళ్లాడు. అక్కడ మెడికల్ కాలేజీలో కొడుకు అదే హోదాతో సీటు అడిగితే కుదరదన్నారు. రాజ్యాంగ ధర్మాసనం కూడా రాష్ట్రం దాటితే హోదా వెంట రాదనే తేల్చింది. అయితే అదే తీర్పు, తల్లిదండ్రుల ఉద్యోగం వల్ల రాష్ట్రం మారిన పిల్లల సంగతి పార్లమెంటు ఆలోచించాలని కూడా చెప్పింది. ముప్పై ఐదేళ్లు దాటింది. ఆ చట్టం రాలేదు. తీర్పులో మనకు అడ్డం పడే వాక్యం ప్రతి గుమాస్తాకూ కంఠతా వచ్చు. మనకు పనికొచ్చే వాక్యం ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించుకోండి. అలాంటి అమ్మాయిలు మా కాలనీలో ఉన్నారు. తండ్రి ట్రాక్ మెయింటెయినర్. బీఎస్సీ ఫిజిక్స్ మంచి మార్కులతో పాసైంది. ఊళ్లోనే, కోనీలో, గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం ఉంది. 1983లో పుట్టి 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. కులాన్ని ధిక్కరించి సత్నామీ పంథా నిలబెట్టిన మహనీయుడి పేరు దానిది. కేంద్ర సంస్థ కాబట్టి తండ్రి తరఫు ఆంధ్ర సర్టిఫికెట్ చూపిస్తే అడ్మిషన్‌లో ఆమె ఎస్సీ. సీటు వచ్చింది. మరుసటి వారం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఫారం నింపాలి. దాన్ని నడిపేది రాష్ట్రం. రాష్ట్ర జాబితాలో ఆమె కులం లేదు. ఆంధ్రకు వెళ్లి అడిగితే, మీరు ఇక్కడ నివాసం లేరంటారు. యూనివర్సిటీ గేటు లోపల ఎస్సీ, గేటు బయట జనరల్. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు.

పోనీ, ఆస్ట్రానమీ పేరుతోనే ఎమ్మెస్సీ నడిపే అరుదైన చోటు ఉస్మానియా ఉంది కదా, 48 అంగుళాల టెలిస్కోపుతో జపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీ కట్టుకున్న విశ్వవిద్యాలయం కదా, తెలుగు పిల్ల అక్కడికి పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. కానీ తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్ తెలంగాణ వాసులకు. విదేశాల్లో చదివేందుకు 20 లక్షలిచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా అక్కడివాళ్లకే. భాష మనదే, నివాసం మనది కాదు.

ఇక ఆదాయ పరిమితి. పోస్ట్ మెట్రిక్‌కు ఏడాదికి రెండున్నర లక్షలు. ఏడో వేతన సంఘం తర్వాత రైల్వేలో అట్టడుగు ఉద్యోగి మూల వేతనం 18,000. పన్నెండు నెలలకు 2,16,000. దాని మీద కరువు భత్యం కలిస్తే పరిమితి దాటిపోతుంది. అంటే ఎర్రటి ఎండలో పట్టాల మధ్య సుత్తి పట్టుకుని నడిచే మనిషి, ప్రభుత్వ లెక్కలో కూతురికి స్కాలర్‌షిప్ అక్కర్లేనంత ఉన్నవాడు. 2020 డిసెంబరులో కేంద్రం ఈ పథకానికి ఐదేళ్లకు 59,048 కోట్లు ప్రకటించినప్పుడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఆ పరిమితిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పైమెట్టు మీద నెలకు 37,000 పెట్టి, దాని కింద బీఎస్సీ, ఎమ్మెస్సీ అనే ఐదు మెట్లు పీకేసి, ఎందుకు ఎక్కిరారని అడగడం దేశంలో చాలామందికి న్యాయంగానే కనిపిస్తోంది.

ఇదంతా దాటి ఆ అమ్మాయి ఎమ్మెస్సీ పూర్తి చేసిందనుకుందాం. అక్కడ ఇంకో గేటు ఉంది. దీని గురించి సెమినార్ జాబితాల్లో ఎప్పుడూ ఉండదు.

కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్ల చట్టం, 2006. ఓబీసీలకు 27 శాతం తెచ్చిన చట్టంగా మనకు తెలుసు. ఎస్సీల 15, ఎస్టీల 7.5 శాతానికి కూడా అదే చట్టం. దాని నాలుగో సెక్షన్ కొన్ని సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. శ్రేష్ఠ సంస్థలు, పరిశోధన సంస్థలు, జాతీయ వ్యూహాత్మక ప్రాధాన్యం ఉన్న సంస్థలు అంటూ చివర ఒక షెడ్యూల్ పెట్టింది. ఆ షెడ్యూల్ తీసి చదవండి. టీఐఎఫ్ఆర్ ముంబయి. ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ అహ్మదాబాద్. స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ తిరువనంతపురం. జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ బెంగళూరు. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, దాని కింద చెన్నై మ్యాథమెటికల్ సైన్సెస్, అలహాబాద్ హరీశ్‌చంద్ర, భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్, గాంధీనగర్ ప్లాస్మా, ఇందోర్, కల్పాక్కం, ట్రాంబే. దేశంలో ఫిజిక్స్ పరిశోధన అనగానే గుర్తొచ్చే పేర్లలో సగం ఇక్కడే ఉన్నాయి. ఇవి ప్రజల డబ్బుతో నడిచే సంస్థలు. గ్యాంగ్‌మన్ కొనే అగ్గిపెట్టె మీద పన్నుతో నడుస్తాయి. అతని కూతురికి సీటు ఉంచాలన్న బాధ్యత మాత్రం ఈ చట్టం వాటి మీద పెట్టలేదు.

ఆ షెడ్యూల్‌లో ఇంకో పేరు ఉంది. సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్, కలకత్తా. మేఘనాథ్ సాహా 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో, చిన్న దుకాణం నడుపుకునే శూద్ర కుటుంబంలో పుట్టాడు. ఊరి బయట చదువుకోవడానికి ఒక డాక్టరు తన ఇంట్లో ఆశ్రయమిచ్చాడు. స్కాలర్‌షిప్‌లే అతని చదువు. కలకత్తా హాస్టల్లో అగ్రకుల విద్యార్థులు అతనితో కలిసి భోజనం చేయలేదు. అదే మనిషి 1920లో, నక్షత్రం కాంతిని బట్టి దాని వేడినీ అందులోని మూలకాల స్థితినీ లెక్కగట్టే అయనీకరణ సమీకరణం ఇచ్చాడు. ఐదేళ్ల తర్వాత సిసీలియా పేన్ ఆ సమీకరణాన్ని పట్టుకునే నక్షత్రాల్లో ఎక్కువగా ఉన్నది హైడ్రోజనేనని చూపించింది. ఆధునిక ఖగోళ భౌతికశాస్త్రం పునాదుల్లో పంక్తి బాహ్యం చేసినవాడి చెయ్యి ఉంది. ఆయన కట్టిన సంస్థకు ఆయన పేరు పెట్టారు, తర్వాత రిజర్వేషన్ మినహాయింపుల జాబితాలో చేర్చారు.

సైన్స్‌కు మెరిట్ కావాలి, కోటా కాదు అనేవాళ్లకు సాహా జీవితమే జవాబు. ఆ మెరిట్ ఆశ్రయం దొరికితేనే బతికింది. అంబేడ్కర్ విషయమూ అంతే. 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇస్తే కొలంబియా వెళ్లగలిగారు. గడువు అయిపోగానే 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి తిరిగొచ్చారు. మళ్లీ వెళ్లడానికి మూడేళ్లు జీతంలో కూడబెట్టి, షాహూ మహారాజ్ సాయం తీసుకుని, స్నేహితుడి దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. ఆ మూడేళ్లలో ఆయన తెలివి తగ్గిందా? డబ్బు ఆగింది, అంతే. ఆ బాధ తెలిసినవాడు కనకే వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నప్పుడు షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు, విదేశీ సాంకేతిక విద్య కావాలని పట్టుబట్టారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో అలా మొదలైంది.

డబ్బు ఆపితే ఏమవుతుందో మన కాలంలోనూ చూశాం. రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని వదిలి వెళ్లేటప్పటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు, రావాల్సి ఉంది. కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్నవాడు. పదేళ్లు గడిచాక పరిస్థితి మారిందా? 2025 జూలైలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, 40 మందికే ఉత్తర్వులు ఇచ్చారు. మిగతావాళ్లకు నిధులుంటే చూస్తామన్నారు. సెప్టెంబరులో తరగతులు మొదలయ్యే పిల్లలకు జూలైలో చెప్పిన మాట ఇది. అదే ఏ అంతరిక్ష ప్రయోగానికో నిధులుంటే చూస్తామని లాంచింగ్ ముందు చెబుతారా?

అమెరికాలో ఫిజిక్స్ పీహెచ్‌డీకి విద్యార్థి ఫీజు కట్టనక్కర్లేదు, డిపార్ట్‌మెంటే జీతమిస్తుంది, నిజమే. కానీ ఒక్కో దరఖాస్తుకు దాదాపు వంద డాలర్లు. పది చోట్ల పెడితే ట్రాక్ మెయింటెయినర్ రెండు మూడు నెలల జీతం. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు. వీసాకు మాత్రం 11,904 యూరోలు బ్యాంకులో చూపాలి. "ఉచితం" అన్న మాట ఎవరి జేబులో నిలబడి చెబుతున్నారో చూసుకోవాలి.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఒకటి, 2006 చట్టం షెడ్యూల్ నుంచి ఫిజిక్స్, అంతరిక్ష పరిశోధన సంస్థలను తొలగించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. గెజిట్ నోటిఫికేషన్‌తో షెడ్యూల్‌ను సవరించే అధికారం అదే సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. రెండు, రైల్వే లాంటి కేంద్ర ఉద్యోగుల పిల్లలకు, వలస కూలీల పిల్లలకు, వాళ్ల మూల రాష్ట్ర సర్టిఫికెట్ మీద కేంద్రమే నేరుగా పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవ్వాలి. మూడు, ఓవర్సీస్ పథకానికి ఉన్న ఎనిమిది లక్షల ఆదాయ పరిమితినే దీనికీ పెట్టాలి. నాలుగు, ఎంపిక జాబితాతోపాటే నిధుల మంజూరు ఉత్తర్వు కూడా రావాలి.

ఇవన్నీ వచ్చేదాకా మన పిల్లలు ఆగలేరు. అందుకని ఒక పనికొచ్చే మాట. తహసీల్ ఆఫీసులో మొదటి ప్రశ్న, 1950 ఆగస్టు 10న మీ తాత ఎక్కడ నివాసం? బిలాస్‌పూర్ అంటే కథ అక్కడే ముగిస్తారు. కానీ కేంద్ర హోం శాఖ 1977 ఉత్తర్వు ప్రకారం, ఆ తేదీన బతుకుతెరువు కోసం తాత్కాలికంగా ఊరు విడిచి ఉన్నవాడిది మూల రాష్ట్ర హోదానే. తాత సర్వీసు పుస్తకంలో సొంత ఊరు కాలమ్, ఊళ్లో ఇంటి పన్ను రసీదు, పాత ఓటర్ల జాబితా ఇవాళే వెతికి దాచండి. తండ్రికి మూల రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే, దాని ఆధారంగా ఇక్కడి అధికారి పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వవచ్చని 1980లలోనే ఆదేశాలు ఉన్నాయి. అది జామ్‌కు, నెట్‌కు, నేషనల్ ఫెలోషిప్‌కు చెల్లుతుంది. ఇది మూడో సంవత్సరం డిగ్రీలో మొదలుపెట్టే పని కాదు, పదో తరగతిలోనే పూర్తి కావాలి.

చివరిగా మనవాళ్లకు. ఏప్రిల్ 14న మన రైల్వే కాలనీల్లో డీజేలకు, ఫ్లెక్సీలకు ఎంత ఖర్చవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బాబాసాహెబ్ చేతిలోని పుస్తకం విగ్రహానికి అలంకారమా? ఆ ఖర్చులో సగం తీసి ప్రతి కాలనీలో ఒక పరీక్ష ఫీజు నిధి పెడదాం. జామ్‌కూ నెట్‌కూ ఫీజులు కడదాం, పుణెలో ఇంటర్వ్యూకు రానుపోను టికెట్ కొందాం. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగ సంఘాలు బదిలీల ఫైళ్లతోపాటు పిల్లల సర్టిఫికెట్ ఫైళ్లు కూడా మోయాలి. నూట ముప్పై ఏళ్లుగా ఈ దేశపు పట్టాలు సరిచేస్తున్నవాళ్లం. మన పిల్లల దారిలో పట్టాలు పీకిందెవరో పేరు పెట్టి అడిగే హక్కు మనకుంది.

జై భీమ్.