రాతిలో నిలిచిన అడుగులు



హైదరాబాదులో హైటెక్ సిటీ వైపు వెళ్ళినవారికి మాదాపూర్ శిల్పారామం తెలిసే ఉంటుంది. చుట్టూ అద్దాల మేడలు, వాటిలో కంప్యూటర్ల ముందు పనిచేసే వేలాది మంది. నడుమ చెట్లూ, చేతిపనుల దుకాణాలూ, ఆరుబయట ఒక రంగస్థలం. మొన్నొక సాయంకాలం మా మనుమణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆ వేళ పేరిణి ప్రదర్శన జరుగుతున్నది. కొందరు యువకులు కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, మద్దెల మోతకు వీరావేశంతో ఆడుతున్నారు. ఒకచోట మద్దెల ఆగింది. అయినా తాళం ఆగలేదు!

"తాతయ్యా, మద్దెల వాయించడం లేదు గదా! చప్పుడు ఎక్కడిది?" అన్నాడు మావాడు.

"వాళ్ళ పాదాలు చూడరా," అన్నాను.

వాడికి ఆ రాత్రి చెప్పిన కథే మీకూ చెబుతాను.

పూర్వం ఓరుగల్లును కాకతీయులు ఏలేవారు. గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ఒక శివాలయం కట్టించాడు. అదే రామప్ప గుడి. దాని స్తంభాల మీద, చూరు కింద నల్లరాతిలో ఎందరో నర్తకులు ఆడుతూ కనిపిస్తారు. గణపతిదేవుని గజసేనకు అధిపతి అయిన జాయప సేనాని నాట్యం గురించి సంస్కృతంలో "నృత్తరత్నావళి" అనే గ్రంథం రాశాడు. మగవారు శివుని ఎదుట ఆడే పేరిణి ఆ కాలపు నాట్యమే. దానికి కావలసిన ఐదు అంగాలలో "ఘర్ఘరం" ఒకటి. అనగా, కాలి గజ్జెలను కోరిన విధంగా మోగించే నేర్పు.

1323లో కాకతీయ రాజ్యం కూలిపోయింది. పోషించేవారు లేక పేరిణి కూడా మరుగున పడింది. గుడి మిగిలింది, గ్రంథం మిగిలింది. కాని ఆడే కాళ్ళు మిగలలేదు.

ఆ కాళ్ళను మళ్ళీ తెచ్చినవారు నటరాజ రామకృష్ణ గారు. ఆయన 1923లో ఎక్కడో ఇండొనీషియాలోని బాలి ద్వీపంలో పుట్టారు. "నటరాజ" అన్నది ఆయనకు వచ్చిన బిరుదు. చిన్ననాటినుంచీ ఆయనకు నాట్యమంటే ప్రాణం. ఆ రోజుల్లో మగపిల్లవాడు గజ్జె కడితే ఇంటా బయటా చులకనే. గుళ్ళలో తరతరాలుగా ఆడిన కళావంతుల స్త్రీలనైతే లోకం మరీ చిన్నచూపు చూసేది. రామకృష్ణ గారు ఇవేవీ లెక్కచేయలేదు. నాయుడుపేట రాజమ్మ గారి వంటి పెద్దలనే గురువులుగా భావించి, వారివద్ద నేర్చుకున్నారు. అలా నిలిచిన ఆలయ నాట్యాన్నే మనం ఇప్పుడు ఆంధ్రనాట్యం అంటున్నాం.

పేరిణి సంగతి అంతకన్నా కష్టం. దానికి గురువే లేడు! అందుకని ఆయన గ్రంథం చదివారు, రామప్ప గుడికి వెళ్ళి శిల్పాలను పరీక్షించారు. అయితే, పిల్లలూ, ఒక సంగతి ఆలోచించండి. నర్తకుడు కాలు ఎత్తిన క్షణం రాతిలో ఉంటుంది. కాలు మోపిన క్షణం పక్క శిల్పంలో ఉండవచ్చు. నడుమ ఆ కాలు ఎంత వేగంగా కదిలింది, ఎన్ని దెబ్బలు కొట్టింది? రాయి చెప్పదు. ఆ ఖాళీని రామకృష్ణ గారు తనకు తెలిసిన తాళశాస్త్రంతో, తన ఊహతో పూరించారు. కాబట్టి నేటి పేరిణిలో కొంత పూర్వులది, కొంత ఆయన కూర్చినది.

1985 శివరాత్రికి ఆ రామప్ప గుడివద్దనే ఆయన శిష్యులు పేరిణి ఆడారు. రాతి నర్తకుల ఎదుట మళ్ళీ గజ్జెలు మోగాయి. 1992లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2011లో ఆయన హైదరాబాదులో కన్నుమూశారు. రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాకెక్కింది.

పాదాన్నే మద్దెల చేసినవారు మరో ఖండంలోనూ ఉన్నారు. అమెరికాలో బానిసలుగా ఉన్న ఆఫ్రికావారు 1739లో దక్షిణ కరొలైనాలో తిరుగుబాటు చేశారు. మరుసటి ఏడు అక్కడి దొరలు వారు డోళ్ళు వాయించకూడదని చట్టం చేశారు. చేతిలోని డోలు పోతే వారు కాళ్ళతోనే తాళం వేసుకున్నారు. ఆ ఆటకు ఐర్లండువారి చిందులు కూడా తోడై, కాలక్రమాన జోళ్ళకు లోహపు రేకులు బిగించి ఆడే "టాప్" నాట్యం పుట్టింది. అందులో మేటి బిల్ రాబిన్సన్. తల్లీ తండ్రీ చిన్నతనంలోనే పోతే అవ్వ పెంచిన బిడ్డ. మెట్లు ఎక్కుతూ దిగుతూ ఒక్కో మెట్టును ఒక్కో స్వరంలా పలికించేవాడు. ఆయన పుట్టిన మే 25ను 1989 నుంచి అమెరికాలో టాప్ నాట్య దినంగా జరుపుకుంటున్నారు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను లెక్కలు చెప్పే రోజుల్లో ఒక కుర్రవాడు బల్ల కింద కాళ్ళతో ఎప్పుడూ తాళం వేస్తుండేవాడు. ఒకనాడు కోపం పట్టలేక వాణ్ణి గది బయట నిలబెట్టాను. మళ్ళీ వాడి కాలు కదలలేదు. నేను గెలిచాననుకున్నాను! వాడు కుడికాలితో మూడు, ఎడమకాలితో నాలుగు కొట్టేవాడని చాలాకాలానికి గుర్తొచ్చింది.

మీరే చేసి చూడండి. ఒకరు "తకిట, తకిట" అని మూడేసి దెబ్బలు, మరొకరు "తకధిమి, తకధిమి" అని నాలుగేసి దెబ్బలు ఒకే వేగంతో కలిసి మొదలుపెట్టండి. ప్రతి "త" దగ్గర కాలు గట్టిగా వేయండి. ఆ గట్టి దెబ్బలు మళ్ళీ ఎప్పుడు కలుస్తాయి? సరిగ్గా పన్నెండు దెబ్బలు నిండాక! మూడుకూ నాలుగుకూ క.సా.గు. పన్నెండు. నేను నల్లబల్ల మీద చెబుతున్న పాఠాన్నే వాడు కాళ్ళతో చేస్తున్నాడు.

తల్లిదండ్రులారా! గుళ్ళూ గ్రంథాలూ ఏడువందల ఏళ్ళైనా నిలుస్తాయి. అడుగు మాత్రం ఒకరి కాలినుంచి మరొకరి కాలికి అందితేనే నిలుస్తుంది. మీ ఇంట్లో చిన్న కాళ్ళు తాళం వేస్తుంటే, కసిరే ముందు ఒక్క నిమిషం వినండి.

పిల్లలూ! ఐదుకూ ఏడుకూ గట్టి దెబ్బలు ఎన్ని దెబ్బలకు కలుస్తాయో కాళ్ళతోనే లెక్కకట్టి ఉంచండి. వచ్చే నెల కలుసుకుందాం.